పగుళ్లకి లప్పం పెట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపు అప్పుడప్పుడు భూమి అదరడం కొత్తేమీ కాదు. అయినా అదిరిన ప్రతిసారీ ఇళ్లల్లో అవే గొడవలు మొదలవుతాయి. గోడ సంగతి చూడాలా, పిల్లల సంగతి చూడాలా, అరుగు మీద పడుకున్న ముసలమ్మని లోపలికి ఎలా తేవాలి, ఇలాంటివే. ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను. జవాబులు కాస్త పొడుగయ్యాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మాది కవిటి దగ్గర పల్లె. మొన్న భూమి అదిరినప్పుడు గిన్నెలు గలగలలాడాయి, అంతే. మర్నాడు చూస్తే హాల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి ఒక పగులు, వంటింట్లో స్లాబు కింద ఇంకొకటి కనిపించాయి. అమ్మాయిని చూసుకోడానికి పెళ్లివారు వస్తున్నారు, లప్పం పెట్టించి రంగు వేయించేద్దాం అని మా ఆయన తొందర పడుతున్నారు. నాకేమో రాత్రుళ్లు ఆ గోడ వైపే చూపు పోతోంది. ఏం చెయ్యమంటారు?

రంగు ఆపించండమ్మా. పెళ్లివారు గోడలు చూడరని నేను అనను, చూస్తారు, అడుగుతారు కూడా. "మొన్న అదిరింది కదండీ, ఇంజనీరుకి చూపించాక బాగు చేయిద్దామని ఆగాం" అని చెప్పండి, తప్పేముంది. అదే లప్పం పెట్టేశారనుకోండి, ఆ పగులు పెరుగుతోందా, వచ్చినచోటే ఆగిందా అన్నది ఇక ఎవరికీ తెలియదు. చూసే ఇంజనీరు కూడా మళ్లీ గోకించాల్సిందే.

ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, పగులు పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. తర్వాత పెన్సిల్ తీసుకుని పగులు ఆగిన రెండు కొసల దగ్గరా చిన్న అడ్డగీత గీసి, పక్కన తేదీ వెయ్యండి. వారానికోసారి చూడండి. గీత దాటి ముందుకి పాకిందంటే పెరుగుతున్నట్టు. పాత మేస్త్రీలు పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్కని రెండు వైపులా కాస్త సిమెంటుతో అతికించేవారు. గోడ కదిలితే గాజు టప్పున విరుగుతుంది. ఖర్చు లేని పని, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

వెంట్రుక మందాన పైపూత మీద వల లాగా పరుచుకున్న పగుళ్లయితే దిగులు పడక్కర్లేదు, అవి చాలావరకు ప్లాస్టరింగువి. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, రెండు కిటికీల మధ్య గోడ మీద ఇంటూ గుర్తులా వచ్చేవి, రెండు గోడలు కలిసే మూల విడిపోయినట్టు కనపడేవి, ఇవి వేరే జాతి. మీ హాల్లోది ఈ ఏటవాలు రకమే. గోడకి అవతలి వైపు వెళ్లి చూడండి. అదే చోట బయట కూడా పగులుందంటే గోడ మందం అంతా చీలిందన్నమాట. బిళ్ల అంచు దూరేంత ఉన్నా, నిన్నటిదాకా సులువుగా పడిన తలుపు ఇవాళ గుమ్మానికి రాసుకుంటున్నా ఆలస్యం చెయ్యకండి. స్తంభం మీద, స్తంభం దూలం కలిసేచోట పగులు వస్తే మాత్రం పెన్సిలూ గాజుముక్కా అని కూర్చోవద్దు, ఇంజనీరు చూసి ఫర్వాలేదనేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు.

వంటింటి స్లాబు పగులు గురించి నాకు వేరే అనుమానం. అది తిన్నగా గీత గీసినట్టు ఉండి, అక్కడక్కడ ఎర్రటి మరక కనిపిస్తోందా? అయితే అది మొన్నటి అదురుకి వచ్చింది కాకపోవచ్చు. సముద్రం దగ్గర ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పు పట్టి ఉబ్బితే, కింది కాంక్రీటు ఆ ఊచ పొడుగునా చీలుతుంది. చీపురు కర్రతో మెల్లగా కొట్టి చూడండి, డొల్లగా మోగితే పెచ్చు ఊడడానికి సిద్ధంగా ఉన్నట్టే. సరిగ్గా దాని కిందే పొయ్యి ఉంటే ఇవాళే జరిపేయండి. ఈ తుప్పు బాగుచేయించడం ఎలాగూ తప్పదు, భూమి అదరడం వల్ల మీ కంటపడింది, అంతే.

ఇంజనీరు అంటే పట్నం నుంచే రావాలని లేదు. మీ గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటే ముందు ఆయన్ని పిలవండి, ఆయనకి తేలకపోతే ఎవర్ని అడగాలో ఆయనే చెప్తారు. ఈలోపు మీరే చేసుకోగలిగినవి ఉన్నాయి. అటక మీద ఇత్తడి బిందెలు, ఇనప పెట్టె, ఆవకాయ జాడీలు ఏమున్నా కిందికి దించండి. మంచాలు అటక కిందా, బీరువా పక్కనా ఉంటే జరపండి. మేడ మీద పిట్టగోడ ఊగుతుంటే దాని కింద వాకిట్లో పిల్లలు ఆడకుండా చూడండి. గ్యాస్ బండ దగ్గర రబ్బరు ట్యూబుకి సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వాసన వస్తే మాత్రం స్విచ్ ఏదీ ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 6.2. ప్రపంచంలో వచ్చేవాటితో పోలిస్తే అది మరీ పెద్దదేం కాదు. గణేశ్ నిమజ్జనం చేసొచ్చి ఆదమరిచి నిద్రపోతున్న జనం దాదాపు 10 వేల మంది పోయారు. రాళ్లు మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద బండెడు మట్టి కప్పు, అవే మీద పడ్డాయి. మీది ఇటుక గోడ, స్లాబు ఇల్లు కాబట్టి అంత భయం అక్కర్లేదు. ఊళ్లో రాతిగోడల పాత ఇళ్లలో ఉంటున్నవాళ్లకి కూడా ఓ మాట చెప్పండి.

ప్రశ్న: "ఈ రాత్రి 11 గంటలకి ఉత్తరాంధ్రలో పెద్ద భూకంపం, అందరూ బయట పడుకోండి" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా? (విజయనగరం)

కాదు. ఫలానా రోజు ఫలానా గంటకి భూకంపం వస్తుందని ముందే చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. తుపానయితే రెండు మూడు రోజుల ముందే మైకులో చెప్తారు, తిత్లీ అప్పుడు చెప్పలేదూ? భూకంపానికి అలాంటి అవకాశమే లేదు. అలాగని మన వైపు అసలు రాదనీ కాదు. 1917 ఏప్రిల్‌లో విజయనగరం దగ్గర 5.5 స్థాయిది వచ్చినట్టు పాత జాబితాల్లో ఉంది. అదిరిన తర్వాత సంగతి కావాలంటే జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం వాళ్ల 'భూకంప్' యాప్‌లో ఎక్కడ, ఎంత, ఎంత లోతులో అన్నీ పెడతారు. ఆ మెసేజ్ పంపిన గ్రూపులో దాన్ని కూడా పెట్టండి.

ప్రశ్న: అమ్మా, మాది విజయనగరం, కోట దగ్గర. మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనవడు జపాన్‌లో ఉంటారు. ఈమధ్య వాళ్ల ఊళ్లో భూకంపం వచ్చింది. పైడితల్లమ్మ దయవల్ల ప్రాణాలకేం కాలేదు. కానీ కుళాయి రావట్లేదట, వంట లేదట. ఇంటికి వచ్చేయండర్రా అని రోజూ ఏడుస్తున్నాను, వినరు. ఫోన్ చేస్తే "మళ్లీ చేస్తానమ్మా" అని పెట్టేస్తుంది. పైగా మనవడు బల్ల కింద దూరి "భూకంపం, భూకంపం" అని ఆడుతున్నాడట. బిడ్డకి దడుపు పట్టిందేమో, తాయెత్తు పంపనా?

పంపండి, తాయెత్తుకి నేనేం అడ్డం రాను. కానీ ఆ ఆట చూసి హడలిపోకండి. భూకంపం చూసిన పిల్లలు దాన్నే ఆటగా ఆడుకోవడం అక్కడ టీచర్లకీ డాక్టర్లకీ బాగా తెలిసిన సంగతే, కొన్నాళ్లకి వాళ్లే మానేస్తారు. "ఛీ, అలాంటి ఆటలేంటి" అని కసిరితే ఆట ఆగుతుంది గానీ లోపలి భయం ఎక్కడికీ పోదు. వీడియో కాల్‌లో మీరూ ఆడండి. మీ డైనింగ్ టేబుల్ కింద దూరండి, మోకాళ్లు సహకరిస్తేనే సుమా, "ఆగిపోయింది, ఇక బయటికి రా అమ్మమ్మా" అని మనవడి చేత చెప్పించండి. పక్క తడపడం, తల్లి బాత్రూంకి వెళ్లినా వెంటపడడం లాంటివి కొన్ని వారాలు ఉంటే ఉండొచ్చు. నెల దాటినా తగ్గకపోతే అక్కడి పిల్లల డాక్టరుకి చూపించమనండి.

ఇక మీ అమ్మాయి ఫోన్ ఎందుకు పెట్టేస్తోందో చూద్దాం. ఆమె పొద్దుట్నించి ఏం చేస్తూ ఉంటుందో మీరు ఊహించుకుంటే కోపం రాదు. నీళ్ల బండి వచ్చే టైముకి క్యాన్లు పట్టుకుని లైన్లో నిలబడాలి. అపార్ట్‌మెంట్ అయితే కింది పైపులు పగల్లేదని తేలేదాకా బాత్రూంలో నీళ్లు పోయకూడదంటారు, పోస్తే కింది ఇంట్లో పొంగుతుంది. అందుకని కమోడ్‌కి సంచి తొడిగి, అందులో తడి పీల్చే పొడి చల్లి, మూటకట్టి పారేయాలి. నాలుగేళ్ల పిల్లాడికి అది అలవాటు చేయడం ఎంత పనో మీకు నేను చెప్పాలా. కంచాలు కడగడానికి నీళ్లుండవు కాబట్టి కంచం మీద ప్లాస్టిక్ రేపర్ పరిచి తిని, రేపర్ తీసి పారేస్తారు.

గ్యాస్ సంగతి ఒక్కటి మాత్రం మీరు అడిగి తెలుసుకోండి, ఎందుకంటే చాలామంది గ్యాసే పోయిందనుకుని రోజులు గడిపేస్తారు. అక్కడ ఇళ్లకి ఉండే గ్యాస్ మీటరు గట్టి కుదుపు రాగానే తనంతట తనే ఆపేసుకుంటుంది. పొయ్యిలన్నీ కట్టేసి, వాసన లేదని చూసుకుని, మీటరు దగ్గర మూత తీసి బటన్ నొక్కితే ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది. మూడు నిమిషాలు ఏదీ ముట్టకుండా ఆగాలి. ఎక్కడా లీకు లేకపోతే లైటు ఆరి గ్యాస్ వస్తుంది. వీధి మొత్తానికి ఆపేసి ఉంటే మాత్రం కంపెనీవాళ్లు రావాల్సిందే.

"వచ్చేయండి" అన్నది తప్పు మాట కాదు. అయితే ఇల్లు పాడైనవాళ్లకి మున్సిపాలిటీ నష్టం ఎంతో చూసి ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, సాయం, అద్దె, పన్ను మినహాయింపు, అన్నీ దాని మీదే. అది చేతికి రాకుండా విమానం ఎక్కడం కష్టం. సర్దేముందు ప్రతి గదీ ఫొటో తీసి పెట్టుకుందా అని అడగండి, ఆడపిల్లలు ముందు చీపురు పడతారు, ఫొటో తర్వాత గుర్తొస్తుంది. ఇంటి గుమ్మానికి ఏ రంగు కాగితం అతికించారో కూడా అడగండి. ఆకుపచ్చ అయితే ఉండొచ్చు, పసుపయితే జాగ్రత్తగా ఉండాలి, ఎరుపయితే లోపల అడుగు పెట్టకూడదు. ఇల్లు 1981 జూన్ తర్వాత కొత్త రూల్స్ ప్రకారం కట్టిందయితే మీ గుబులు కొంచెం తగ్గించుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా చెప్పాల్సిందే. తగ్గింది కదా అని పాడైన ఇంట్లోకి తొందరపడి పడుకోడానికి వెళ్లొద్దనండి. 2016లో కుమమోతోలో ఏప్రిల్ 14 రాత్రి 6.5 స్థాయిది వచ్చింది, అయిపోయిందనుకుని ఇళ్లకి వెళ్లినవాళ్లున్నారు, 16 తెల్లవారుజామున 7.3 వచ్చింది. అందుకే ఇప్పుడు అక్కడి వాతావరణ సంస్థ కనీసం ఓ వారం పాటు అంతే గట్టిగా మళ్లీ రావచ్చని హెచ్చరిస్తుంది. కారులో పడుకుంటున్నట్టయితే కాళ్లు ముడుచుకుని రాత్రంతా ఉండకుండా మధ్యమధ్య దిగి నడవాలి, నీళ్లు బాగా తాగాలి. బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, దానివల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చిన కేసులు జపాన్‌లో చాలా ఉన్నాయి.

ఫోన్ రోజుకి ఒకసారి, ఆమె చెప్పిన టైముకి. ఎత్తగానే ఏడవకండి. "నీళ్లొచ్చాయా, బాబు ఏం తిన్నాడు" అని అడగండి. తక్కువ నీళ్లతో ఒక్క గిన్నెలో అయిపోయే వంటలు మీకు తెలిసినన్ని ఆమెకి తెలియవు. చోడి అంబలి, ఉప్మా, పెసరపప్పు కిచిడీ, ఇవి చెప్తుంటే ఆమె కూడా ఫోన్ పెట్టదు. కాగితాల పని అయ్యాక ఓ నెల రమ్మనండి, అప్పుడు వస్తుంది.

ప్రశ్న: మాది సోంపేట. అదిరిన రాత్రి నుంచి మా అమ్మ ఇంట్లో పడుకోవడం లేదు. "నాను లోపలికి రాను, ఏటవుద్దో ఏటో" అని వీధరుగు మీద చాప పరుచుకుంటోంది, పిల్లల్ని కూడా పక్కనే పడుకోబెట్టుకుంటోంది. మా ఆవిడ వద్దంటుంది, ఈవిడ ఊరుకోదు, రోజూ గొడవ. అమ్మకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా కొంచెం ఎక్కువే. ఎలా చెప్పాలి?

మీ ఆవిడ చేత చెప్పించకండి బాబూ, ముందు అది ఆపండి. కోడలు చెప్తే ఆ మాట ఇంకో దారి పడుతుంది. మీరే వెళ్లి పక్కన కూర్చోండి.

"ఏం కాదులే, రా" అనకండి. ఏం కాదని మీకు మాత్రం ఏం తెలుసు? ఆవిడ మొండికేసి అలా చేయట్లేదు, పడుకున్నప్పుడు కింద నేల కదిలింది, ఇప్పుడు నడుం వాల్చగానే ఒళ్లు అదే గుర్తు చేస్తోంది. ముందు ఆ అరుగు పైన ఏముందో చూడండి. పాత పెంకుల చూరు గానీ, పిట్టగోడ గానీ ఉంటే లోపల కంటే అక్కడే ప్రమాదం ఎక్కువ. ఈ ఒక్క మాట ఆవిడకి చూపించి చెప్పండి, వింటుంది. కొన్నాళ్లు బయటే అంటే వాకిట్లో ఖాళీ జాగాలో మంచం వేసి దోమతెర కట్టండి. చాప మీద వద్దు, కొబ్బరి తోటల ఊళ్లో పాముల సంగతి మీకు కొత్త కాదు. పిల్లలు మాత్రం లోపలే పడుకోవాలి, అది మీరు చెప్పాల్సిన మాట.

తర్వాత మధ్యాహ్నం కునుకు ముందు గదిలో, తలుపు బార్లా తీసి ఉంచి. అది అలవాటయ్యాక సాయంత్రం టీవీ చూస్తూ అక్కడే నడుం వాల్చడం, ఆపైన రాత్రి. మంచం ఎక్కడ వెయ్యాలో ఆవిడనే అడగండి, గుమ్మం దగ్గరంటే గుమ్మం దగ్గరే. తలగడ పక్కన టార్చి, మంచం కింద చెప్పులు (గాజు పెంకులు గుచ్చుకోకుండా), మందుల డబ్బా చేతికందేలా పెట్టండి. ఫలానా రోజుకి లోపలికి రావాలని గడువు మాత్రం పెట్టకండి. వారాలు గడిచినా నిద్రే పట్టకపోతే, తిండి మానేస్తే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది క్రియాటినిన్ మాట. నేల మీద పడుకుని నడుం పట్టేసిందని మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చి వేస్తున్నారా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ బాగోలేనివాళ్లకి చాలా చేటు చేస్తాయి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. వేడినీళ్ల కాపడం పెట్టండి, బిళ్ల కావాలంటే డాక్టర్ని అడిగే వెయ్యండి. ఈ గొడవలో చెకప్ తేదీ దాటిపోయిందేమో చూడండి. రిపోర్టులన్నీ ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ, ఊళ్లో లేని బంధువు ఫోన్‌లోనూ ఉంచండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఇంట్లో ఉన్న పాఠకులు ఇంకో పని కూడా చేయాలి. తుపానో భూకంపమో వచ్చి మీ సెంటర్ మూతపడితే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే అక్కడి సిస్టర్‌ని అడిగి, ఫైలు అట్ట మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: సొంత ఇల్లు, ఇంకా లోన్ కడుతున్నాం. భూకంపానికి ఇన్సూరెన్స్ వస్తుందా? (శ్రీకాకుళం)

వస్తుంది. 'భారత్ గృహ రక్ష' అని 2021 ఏప్రిల్ నుంచి ఒకే రకం పాలసీ వచ్చింది, అగ్నిప్రమాదం, తుపాను, వరదతో పాటు భూకంపం కూడా అందులోనే ఉంటుంది. ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకి చేయించాలి, స్థలం ధర కలపకూడదు. సామాన్లకి విడిగా ఏం చెప్పకపోయినా ఇంటి మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతట అదే వర్తిస్తుంది. లోన్ ఇచ్చిన బ్యాంకు ఇప్పటికే ఏదో పాలసీ కట్టించి ఉండొచ్చు, ఆ కాగితం తీసి చూడండి, అది ఇంటిదా లేక మీ ప్రాణానికి చేసిందా అని. చాలామంది రెండోదాన్ని చూసి ఇల్లు కూడా ఇన్సూరెన్స్‌లో ఉందనుకుంటారు. ఇప్పటికే ఉన్న పగుళ్లకి క్లెయిమ్ రాదు, కాబట్టి చేయించేముందు ఇంటి ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి.